సైదావలి బండి బేరం

ఏ వస్తువునైనా మామూలు మనిషిలా చూసి, బేరమాడి, ఇంటికి తెచ్చుకోవడం సైదావలికి పుట్టుకతోనే రాలేదు. దుకాణంలో అడుగు పెట్టేదాకా బాగానే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, జేబులో పెన్ను. ఎవరో పెద్దమనిషి వచ్చాడని కూర్చోబెట్టి నీళ్ళు కూడా ఇస్తారు. వస్తువు చేతికి వచ్చిందా, ఇక అయిపోయింది. ఆ తరవాత అతను చేసే పనులు చూసి, తలుపు మూసెయ్యాలో పక్క దుకాణం వాళ్ళను కూడా పిలిచి చూపించాలో దుకాణదారుకు తోచదు.

పద్మనాభయ్య కుర్చీల దుకాణం సంగతే తీసుకోండి. సైదావలికి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. చేతులున్న కుర్చీ కావాలని తోటపల్లి గూడూరు వెళ్ళాడు. పద్మనాభయ్య ఉన్న రకాలన్నీ వరసగా వేయించాడు. సైదావలి వాటి వంక చూడనైనా చూడకుండా, పక్కనున్న పరుపుల మీదినుంచి ఒక దిండు తీసి, పొట్టకు ఆనించుకుని, భుజం మీది తువ్వాలుతో బిగించి కట్టుకున్నాడు. ఆ పళంగా ఒక్కో కుర్చీలో కూర్చోవడం, లేవడం మొదలుపెట్టాడు. ఊరికే లేవడమా, ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని, ఆయాసపడుతూ, మధ్యమధ్య అమ్మా అని మూలుగుతూ. వీధిలో జనం పోగయ్యారు. ఎవరి కోసమయ్యా ఈ కుర్చీ అని పద్మనాభయ్య అడిగితే సైదావలి ఒకటే మాట చెప్పాడు.

"ముందు వస్తువు తేలనీ."

చివరికి ఒక ఎత్తు కుర్చీ తేలింది. ఆ దిండును మాత్రం పద్మనాభయ్య ఎవరికీ అమ్మలేకపోయాడు. చూపించినప్పుడల్లా కొనేవాళ్ళు నవ్వేవాళ్ళట. ఈ కబురు సైదావలి కంటే ముందే ఊరికి చేరింది. మీ ఆయనకు ఎన్నో నెల అని ఆడవాళ్ళు అడుగుతుంటే అతని భార్య బడేబీ తలెత్తుకోలేక వారం పాటు పక్కింటి బావి దగ్గరకు కూడా పోలేదు.

అప్పటినుంచీ అంతే. నెల్లూరులో సెల్‌ఫోను కొనబోయి రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని కూర్చున్నాడు. అక్కడి కుర్రాళ్ళు పాపం అనుకుని ధరలన్నీ చేతి సైగలతో చెప్పారు. అంతా అయ్యాక సైదావలి దూది తీసి, కాస్త తగ్గించమని మంద్రంగా అడిగాడు. టార్చిలైటు కొనేటప్పుడు రెండు చేతులతోనూ బియ్యం మూట పట్టుకుని, లైటు మీటను గడ్డంతో నొక్కి చూశాడు. ఇంటికొచ్చేసరికి గడ్డం కమిలిపోయి ఉంది. దానికి పసుపు రాస్తూ బడేబీ ఒట్టు పెట్టుకుంది, ఈ మనిషితో కలిసి జన్మలో దుకాణానికి పోనని. ఆ ఒట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అలాంటి సైదావలి ఇప్పుడు ఏటీవీ కొంటానన్నాడు.

ఏటీవీ అంటే మోటారు సైకిలుకూ ట్రాక్టరుకూ మధ్యరకం. మోటారు సైకిల్లాగే హ్యాండిల్ ఉంటుంది, కింద నాలుగు లావుపాటి చక్రాలుంటాయి, ముందూ వెనకా మూటలు పెట్టుకోవడానికి స్టాండ్లుంటాయి. బురదలోనైనా ఇసకలోనైనా పోతుంది. సైదావలికి సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి. వానపడితే ఆ గుంటల కట్టల మీద మోటారు సైకిలు జారుతుంది, మేత మూటలు మోసేవాళ్ళు పడతారు. కొడుకు జాకీర్ ఎప్పటినుంచో ఆ బండి కావాలని పోరుతున్నాడు. ఎప్పుడూ చూద్దాంలే అనే తండ్రి ఒకరోజు ఉన్నట్టుండి, పోదాం పద అన్నాడు. అప్పుడే బడేబీకి అనుమానం రావలసింది.

ఆ గుంటల దగ్గర చెంచమ్మ పని చేస్తుంది. గుంటలు తవ్విన నాటినుంచీ ఉన్న మనిషి. వాళ్ళది పక్కనున్న చేపలు పట్టే పల్లె. చిన్నప్పుడు వల లాగుతుంటే జెల్ల చేప ముల్లు గుచ్చుకుని ఎడమ చేతి బొటనవేలు ముడుచుకుపోయింది, మళ్ళీ తిన్నగా కాలేదు. అయినా ఆ చేత్తోనే మేత బేసిను నడుముకు ఆనించి పట్టుకుని, కుడిచేత్తో గుంట నిండా చల్లుకుంటూ పోతుంది. తరవాత నీళ్ళలో వేలాడదీసిన చెక్ ట్రేలు పైకెత్తి, రొయ్యలు మేత తిన్నాయో వదిలేశాయో చూస్తుంది. మొగుడు లేడు. కూతురు ఉష కావలిలో కాలేజీ చదువుతోంది. ఈ మధ్య ఎడమ మోకాలు కూడా మొరాయించడంతో చెంచమ్మ కాలు ఈడుస్తూ కట్టలు తిరుగుతోంది. ఆ నడకతో అన్ని గుంటలూ తిరిగేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది.

బండి వస్తుందన్న మాట గుంటల మీద పాకింది. ఆ బండేసుకుని జాకీర్ ఒక్కడే టీ చల్లారేలోగా అన్నిటికీ మేత వేసి రాగలడని, ఇక చెంచమ్మతో పనేముందని అందరూ ఆమె వినేటట్టే అనుకున్నారు. చెంచమ్మ సైదావలిని ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చినప్పుడు బడేబీతో మాత్రం ఒక మాట అంది.

"ఈ పంట పట్టుబడి దాకా ఉంటాలే వదినా. ఆమీదట మీరు చెప్పబళ్ళేదు, నేనే పోతా."

 బడేబీ భర్తను అడిగితే అతను యథాప్రకారం, ముందు వస్తువు తేలనీ అన్నాడు.

నెల్లూరు షోరూములో జయకుమార్ అనే కుర్రాడు రెండు బండ్లు చూపించాడు. ఒకటి ఆటోమేటిక్. కుడి బొటనవేలితో చిన్న మీట నొక్కితే పోతుంది, గేర్ల గొడవ లేదు. రెండోది ఎలక్ట్రిక్ షిఫ్ట్. దీనికి గేర్లున్నాయి కానీ కాలితో వేసే పని లేదు. ఎడమ హ్యాండిల్ దగ్గర రెండు బటన్లుంటాయి, బొటనవేలితో పైది నొక్కితే గేరు పెరుగుతుంది, కిందిది నొక్కితే తగ్గుతుంది. జాకీర్ మనసు రెండోదాని మీద పడింది. గేరు మన చేతిలో ఉంటే కట్ట దిగేటప్పుడు బండి పట్టు తప్పదని, ఆటోమేటిక్‌లో బెల్టు ఉంటుంది కాబట్టి నీళ్ళు చేరితే జారుతుందని అతను ఫోన్లో చూసి కంఠతా పట్టాడు. అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదని జయకుమార్ కూడా ఒప్పుకున్నాడు.

"బండి ఎవరు నడుపుతారు సార్?" అని జయకుమార్ అడిగాడు.

జాకీర్ తనేనన్నాడు. సైదావలి ఏమన్నాడో మీకు తెలుసు.

ఆ తరవాత జేబులోంచి ఒక గుడ్డపీలిక తీసి, ఎడమ బొటనవేలు అరచేతిలోకి మడిచి, చెయ్యి జయకుమార్ ముందు చాచాడు.

"గట్టిగా కట్టు నాయనా, మొగమాటపడొద్దు."

జయకుమార్ కట్టాడు. సైదావలి చేతిసంచిలోంచి ఒక పాత నీలం చీర తీశాడు. దండెం మీదినుంచి ఎవరో ఎత్తుకుపోయారని బడేబీ వీధి వీధంతా తిట్టిన చీర అదే. దాన్ని ప్యాంటు మీద మోకాళ్ళ దాకా చుట్టుకుని, కొంగు దోపుకుని, ఎడమ కాలు కర్రలా బిగబట్టి, అబ్బా అంటూ ఎలక్ట్రిక్ షిఫ్ట్ బండి ఎక్కాడు. జాకీర్ షోరూము బయటికి వెళ్ళి, ఆ మనిషెవరో తెలియనట్టు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

వెనకనున్న ఖాళీ స్థలంలో బండి కదిలింది. గేరు మార్చాలి. కట్టేసిన బొటనవేలు రాదు. చూపుడు వేలుతో నొక్కబోతే హ్యాండిల్ మీద పట్టు వదిలింది, బండి గోడ వైపు తిరిగింది. కుడిచెయ్యి అటు పంపితే ఊపు పోయి బండి నిలబడింది. మోచెయ్యి అందలేదు. టార్చిలైటు నాటి అనుభవంతో గడ్డం వంచాడు కానీ, కళ్ళు కిందికి పోయేసరికి ఎదురుగా ఉన్న పూలకుండీ కనపడలేదు. కుండీ విలువ తరవాత లెక్కలో కలిపారు.

ఆటోమేటిక్ మీద మాత్రం ఒక చుట్టు చుట్టి వచ్చాడు. జయకుమార్ మంచినీళ్ళు ఇచ్చి, జాకీర్ దగ్గరికి వెళ్ళి మెల్లిగా, సార్‌కి ఒంట్లో బాగుంటుందా అని అడిగాడు. వస్తువు చూసేటప్పుడు తప్ప మిగతా వేళల్లో బాగానే ఉంటుందని జాకీర్ చెప్పాడు.

అంతటితో తేలిందా అంటే లేదు. మర్నాడు మేత బేసిను పట్టుకుని వెళ్ళాడు. ఆ తరవాత వాన పడుతుండగా వెళ్ళాడు. జయకుమార్ అతన్ని గేటు దగ్గర చూడగానే, అడగకముందే వచ్చి వేలు కట్టడం మొదలుపెట్టాడు.

షోరూముతోనే ఆగితే బాగుండేది. సైదావలి ఇంట్లో కూడా సాధన మొదలుపెట్టాడు. బొటనవేలు ముడుచుకునే చొక్కా గుండీలు పెట్టుకోవడం, సీసా మూత తీయడం, మెట్లెక్కేటప్పుడు ఎడమ కాలు ఈడ్వడం. ఒక పొద్దున వంటింటి కిటికీలోంచి బడేబీ ఇది చూసింది.  ఆమె అన్నకు పక్షవాతం వచ్చింది ఇలాగే, ఎడమ చేతి వేళ్ళతోనే మొదలయింది. చేతిలో గరిటెతోనే వచ్చి, చెయ్యి ఎట్టుందయ్యా అని అడిగింది. సైదావలి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి దాచుకుని, దానికేం, బ్రహ్మాండంగా ఉండాది అన్నాడు. ఆ దాచుకోవడంతో ఆమె అనుమానం రూఢి అయింది.

ఆసుపత్రికి పోదామంటే అతను వినలేదు. మనిషికి నచ్చజెప్పలేక, ఎవరికీ చెప్పుకోలేక, బడేబీ రోజూ అతను నిద్రపోయాక ఎడమ చెయ్యి పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూసుకునేది. అతనితో దుకాణానికి పోనని ఒట్టు పెట్టుకున్నందుకు కూడా బాధపడింది. ఈ మనిషి చెవుల్లో దూది పెట్టుకున్నా, పొట్టకు దిండు కట్టుకున్నా సరే, రెండు చేతులూ రెండు కాళ్ళూ బాగుండి ఇంకా పదిమంది ముందు నవ్వులపాలైతే చాలుననుకుంది.

అప్పుడే రొట్టెల పండుగ వచ్చింది. నెల్లూరు దర్గా దగ్గర చెరువులో దిగి, ఏ కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె అందుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, దేనికదే. కోరిక తీరితే మళ్ళీ ఏడు వచ్చి, అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. కులం మతం లేకుండా అందరూ దిగుతారు. బడేబీ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ముక్కూ మొహం తెలియని ఆమె దగ్గర కొంగు పట్టి ఆరోగ్య రొట్టె అందుకుంది. కళ్ళకద్దుకుని తింటూ పక్కకు చూస్తే, ఉద్యోగ రొట్టె ఇచ్చే చోట, చదువుకున్న కుర్రాళ్ళ గుంపులో చెంచమ్మ కనిపించింది.

"నువ్వేందిమే ఆ వరసలో? ఉషకా?"

"ఉష చదువు ఇంకా అయిపోలా గదా వదినా," అంది చెంచమ్మ. "కొత్తది కావాలని గాదు. ఉండేది పోకుండా ఇప్పించమని అడగతుండా."

 ఇంటికి వచ్చేదాకా బడేబీ ఆటోలో భర్తను దులిపేసింది. ఇన్నేళ్ళుగా మన గుంటలు కాసిన మనిషి నీళ్ళలో నిలబడి పని అడుక్కుంటుంటే, కొడుకు మోజు కోసం బండి కొంటావా అంది. సైదావలి బయటికి చూస్తూ, ముందు బండి తేలనీ అన్నాడు. ఆరోగ్యం సరిగా లేని మనిషని గుర్తొచ్చి ఆమె ఊరుకుంది కానీ, లేకుంటే ఆ రోజు ఆటోలోంచి దింపేసేదే.

ఆ తరవాతి వారం మట్టి తవ్వే ప్రొక్లెయిను ఒకటి గుంటల దగ్గరికి వచ్చింది. నిటారుగా ఉండే కట్ట వాలు మీద మట్టి పోయించి, బారుగా, మెత్తగా సాగదీయించాడు సైదావలి. ఇది ఎందుకని జాకీర్ అడిగాడు. కట్ట దిగేటప్పుడు గేరు ఉండాలన్నావు గదా అన్నాడు తండ్రి.

"మనిషిని బండికి తగ్గట్టు మార్చలేం అబ్బయ్యా. కట్టనైతే మార్చొచ్చు గదా."

జాకీర్‌కు ఆ మాట అర్థం కాలేదు. మర్నాడే ఆటోమేటిక్ బండి దిగింది.

చూడటానికి పక్క గుంటల వాళ్ళు కూడా వచ్చారు. చెంచమ్మ అందరి కంటే వెనక, ఖాళీ బేసిను పట్టుకుని నిలబడింది. జాకీర్ చేతులు తుడుచుకుని బండి దగ్గరికి వెళ్ళాడు. సైదావలి తాళంచెవి ఇవ్వలేదు.

"చెంచమ్మా, ఇట్ట రా."

బండి మీదికి మేత మూటలు ఎక్కించడానికేమో అనుకుంటూ ఆమె కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. సైదావలి ఎదురెళ్ళి బేసిను అందుకుని, పక్కన నడిచాడు. ఇన్ని రోజుల అలవాటు, ఒక్క పూటలో పోతుందా, అతనూ ఎడమ కాలు ఈడుస్తున్నాడు. ఎడమ బొటనవేలు ముడుచుకునే ఉంది. కట్ట మీద ఇద్దరూ పక్కపక్కన వస్తుంటే బడేబీ చూసింది. ఒకే కాలు, ఒకే ఈడ్పు, ఒకే వేలు.  రోజూ కళ్ళ ముందు తిరిగే నడకే అది. తన భయంలో పడి పోల్చుకోలేకపోయింది.

"ఎక్కు. ఇది నీకే," అన్నాడు సైదావలి.

చెంచమ్మ బండిని చూసింది, తన ఎడమ చేతిని చూసింది. "ఈ ఏలు పనికిరాదు గదన్నా. బండి తోలేదానికి నేనెట్టా?"

"ఆ ఏలుతో పనే లేదు దీనికి. కుడి ఏలు చాలు. చీరతో ఎక్కొచ్చు, మోకాలు మడవబళ్ళేదు. అన్నీ చూసినా నేను."

"ముందే ఒక మాట చెప్పుంటే నేను రొట్టెకు పోయుంటానా అన్నా?"

సైదావలి నేల చూపులు చూశాడు. నీ చేతికి కుదిరే బండి దొరకదేమోనని చెప్పలేదు, అన్నాడు. ఇస్తానని చెప్పి ఇవ్వలేకపోతే నీ మొహం నేను చూడలేను గదా. ఇంట్లో చెబుదామంటే, పాలు పొంగేలోగా ఊరంతా తెలిసిపోద్ది. ఈ ఆఖరి మాటకు మామూలుగా అయితే బడేబీ ఊరుకునేది కాదు. ఆమె అప్పుడు వినే స్థితిలో లేదు. ఆమె మనసు ఎక్కడెక్కడికో పోయింది. గుంటల కాపలాదారు గంగాధరం రెండు చేతులా వల మూట పట్టుకుని, గడ్డంతో టార్చి మీట నొక్కడం కళ్ళ ముందు కదిలింది. చెవులు వినపడని అత్తగారు, చనిపోయేదాకా ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, నా కోడలి మాట గంట కొట్టినట్టు వినపడతాది అని మురిసిపోవడం గుర్తొచ్చింది. ఇక ఆ కుర్చీ. అప్పుడు జాకీర్ కడుపులో ఉన్నాడు, ఏడో నెల. కూర్చుంటే లేవలేక ఏడిచేది. ఆ ఎత్తు కుర్చీ వచ్చాక ఎవరి సాయమూ లేకుండా లేచింది. ఆ దిండు వేషమంతా తనను వెక్కిరించడానికేనని ఇన్నేళ్ళూ అనుకుంది, అప్పుడప్పుడూ దెప్పింది కూడా. బడేబీకి కళ్ళు నిండాయి, వెంటనే నవ్వూ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి.

ఆలోపు బండి కదిలింది. చెంచమ్మ మొదట నత్తలా పోనిచ్చి, మెల్లిగా కుడి బొటనవేలు ఇంకాస్త నొక్కింది. గుంట చుట్టూ ఒక చుట్టు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆగకుండా రెండో చుట్టు పోయింది. ఆపడం నేర్పలేదని సైదావలికి అప్పుడు గుర్తొచ్చింది. ఏలు తీసెయ్ చెంచమ్మా అని అరుస్తూ, కాలు ఈడుస్తూనే వెంట పరుగెత్తాడు. ఏలు తీసేస్తే ఆగుద్దని నాకు తెలుసులే అన్నా, ఇంకో చుట్టు పోనీ, అంటూ చెంచమ్మ గాలికి కొంగు ఎగురుతుండగా వాలు దిగి, అవతలి గుంట మీదికి ఎక్కిపోయింది. జాకీర్ తండ్రి పక్కకు వచ్చి నిలబడి, ఆటోమేటికే మంచిది నాయనా అన్నాడు.

మరుసటి ఏడు రొట్టెల పండుగకు బడేబీ, చెంచమ్మ కలిసే వెళ్ళారు. చెంచమ్మ పొద్దున్నే లేచి కాల్చుకొచ్చిన ఉద్యోగ రొట్టెను ఒక చదువుకున్న కుర్రాడి చేతిలో పెట్టి, పని దొరికితే మా సైదన్న లాంటి యజమాని దగ్గర దొరకాలి నాయనా అని దీవించింది. బడేబీ చేతిలో రొట్టె మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరోగ్య రొట్టె తీసుకుంది కనుక ఇవ్వాలి. కానీ రాని జబ్బు నయమైందని ఎలా చెప్పడం? ఎదురుగా కొంగు పట్టుకుని నిలబడిన ఒక పెద్దావిడ, ఏం జబ్బు పోయిందమ్మా మీకు అని ఆశగా అడుగుతోంది.

బడేబీ ఒడ్డు వైపు చూసింది. అక్కడ గాజుల అంగళ్ళ పక్కన చేతికర్రల దుకాణం ఉంది. సైదావలి కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కో కర్రా నేల మీద తాటించుకుంటూ, దారినపోయే వాళ్ళను గుద్దుకుంటూ తిరుగుతున్నాడు. ఎవరి కోసమయ్యా అని దుకాణదారు అడుగుతూనే ఉన్నాడు. కంటి చూపు మందగించిన కుర్చీల దుకాణం పద్మనాభయ్య గురించి మొన్ననే ఇంట్లో మాట వచ్చిన సంగతి బడేబీకి గుర్తొచ్చింది.

"మా ఇంట్లో ఎవురికీ జబ్బు లేదమ్మా, అంతా సల్లంగా ఉండారు. నీకూ అట్టే ఉండాల," అని రొట్టె ఆ పెద్దావిడ కొంగులో వేసింది. తరవాత ఒడ్డుకు పోబోతున్న చెంచమ్మను భుజం పట్టి ఆపింది.

"ఆ మనిషి అట్ట తిక్కతిక్కగా చేస్తుంటాడు చూడు, అది ఎప్పుటికీ నయం కాకుండా ఉండాలంటే ఏ రొట్టె తీసుకోవాలమే?"

ఆ సంవత్సరం బడేబీ ఒట్టు తీసి చెరువు గట్టున పెట్టింది. తడిసిన చీరతోనే పోయి, సైదావలి ఎవరినీ గుద్దుకోకుండా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, కర్ర తేలేదాకా ఆ దుకాణం చుట్టూ అతనితో కలిసి తిరిగింది.